పొయ్యిల పంపకం

కుట్టుమిషన్లు బాగుచేసుకుని బతికిన నేను, ఈ కాగితం రాసే నాటికి పూర్తి తెలివితో ఉన్నాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలిగిన ఒకే ఒక్క మనిషి, నా భార్య, మూడేళ్ల కిందట పోయింది. నా తెలివి మీద పెద్దకొడుక్కి అనుమానం రావచ్చు కనుక నిన్న డాక్టరు దగ్గరికి వెళ్లి చీటీ తెచ్చాను. ఇవాళ ఏ వారమో చెప్పమన్నాడాయన. చెప్పాను. ఆయన గోడ మీది క్యాలెండరు పోయిన నెల దగ్గరే ఆగిపోయిందని కూడా చెప్పాను. చీటీ దీనికి జత చేశాను.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు. ఇన్నాళ్లూ మిగిల్చిన మాటలు ఇక్కడ ఖర్చుపెడుతున్నాను. ఓపిగ్గా చదవండి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత సర్వే అమ్మాయికి అప్పగిస్తున్నాను. ఆవిడ ఇప్పుడు విశ్వవిద్యాలయంలో పెద్ద ప్రొఫెసరు. జుట్టు నెరిసింది, మోకాళ్లు పట్టేస్తున్నాయి. అయినా మా వీధికి సర్వే అమ్మాయే. పేదవాళ్ల పిల్లలు పేదవాళ్లుగానే ఉండిపోతారా, పైకి వస్తారా అన్నది తేల్చడానికి చదువుకునే రోజుల్లోనే వచ్చింది. అప్పటి నుంచి నాలుగైదేళ్లకోసారి అవే గుమ్మాలు, అవే ప్రశ్నలు. మేము పైకి వచ్చామో లేదో ఇంకా తేలలేదు. ఆవిడ మాత్రం వచ్చింది. ఈ మాట ఆవిడ మొహం మీదే అన్నాను. నవ్వి, అది కూడా రాసుకుంది. ఆవిడనే ఎందుకు ఎంచానంటే, నా కొడుకులిద్దరూ తలుపు తీసే మనిషి ఆవిడ ఒక్కతే.

2. నా లెక్కల పుస్తకాలు అటక మీద ఉన్నాయి. ఏ రోజుకారోజు రాసినవి. వాటిలో ఏదో దాచానని పెద్దవాడి నమ్మకం. సూదులు, నూనె, బెల్టులు, టీ తప్ప ఏమీ లేవు. పాత కాగితాలు కొనేవాడికి తూకానికి వేయండి. తూకం దగ్గర నిలబడండి.

3. కొట్టు, అందులోని పనిముట్లు, విడిభాగాల డబ్బాలు సర్వహక్కులతో నా చిన్నకోడలికి చెందాలి. కొడుకులిద్దరికీ ఇందులో ఎటువంటి హక్కూ లేదు. పెద్దవాడు మెయిన్ రోడ్డు మీద కొత్త మిషన్లు వాయిదాల మీద అమ్ముతాడు. మనుషులు తెచ్చిన పాత మిషను వైపు చూసి, "దీన్ని బాగుచేయించడం కంటే తూకానికి అమ్మేయడం నయం" అంటాడు. వాళ్లు బయటికి వచ్చి తిన్నగా నా దగ్గరికి వస్తారు. ఈ విధంగా నా వ్యాపారానికి వాడు చేసిన సాయం నేను మరిచిపోలేదు. ఇక చిన్నవాడికి స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో ఈనాటికీ తెలియదు. చిన్నకోడలు మాత్రం పక్కగదిలో ఉండి మిషను చప్పుడు విని, "మామయ్యా, షటిల్లో దారం ముక్క ఇరుక్కున్నట్టుంది" అంటుంది. నేను నేర్పలేదు. నేర్పమని ఆమె అడగనూ లేదు. నా కళ్లద్దాలు కూడా ఆమెకే. ఇంకొన్నాళ్లకు సరిపోతాయి.

4. ఇప్పుడు ఇల్లు. కొట్టు వెనకాల ఉన్న ఈ ఇల్లు నా స్వార్జితం. మధ్యలో గోడ ఉంది. ఎడమ పక్క పెద్దవాడు, కుడి పక్క చిన్నవాడు. నేను పోయాక చిన్నవాడి భాగం పెద్దవాడు కొనేసుకోవాలని, చిన్నవాడు పిల్లలతో ఊరి బయట అద్దెకు పోవాలని ఇద్దరూ మాట్లాడుకున్నట్టు తెలిసింది. నాకు చెప్పలేదు. కొట్లో పడుకునేవాడికి చెవులుండవని వాళ్ల ఉద్దేశం. చిన్నవాణ్ణి అడిగాను. "మేము 'ఏ' కదా నాన్నా, ఎప్పటికైనా పోవలసింది మేమే" అన్నాడు.

ఈ "ఏ" సంగతి రాయాలి. రాయకపోతే నేను పంచేది ఏమిటో ఎవరికీ అర్థం కాదు.

సర్వే అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు ఈ ఇంట్లో గోడ లేదు. అందరం ఒకే పళ్లెం చుట్టూ కూచుని పోట్లాడుకునేవాళ్లం. వాళ్ల సర్వేలో ఒక నియమం ఉంది. ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒక కుటుంబం. రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలు. ఆ నియమం ఆ అమ్మాయికి తెలుసు, మాకు తెలియదు. "మీ ఇంట్లో ఎన్ని పొయ్యిలు పిన్నీ?" అని అడిగింది. ఆ వారమే పెద్దకోడలు పసిదానికి నీళ్లు కాయడానికి ఒక చిన్న పొయ్యి కొనుక్కుంది. నా భార్య పక్కింటావిడకు వినపడేలా, "రెండు" అంది. ఆస్తి అడుగుతున్నారనుకుంది పాపం. మాకు 47 అని, 47-ఏ అని రెండు నంబర్లు పడ్డాయి. పెద్దవాడు 47. కొట్టు రాబడంతా 47లో పడింది. 47-ఏలో చిన్నవాడి అప్పులు పడ్డాయి. నేను ఎవరి పొయ్యి మీద తింటానో తేలక నన్ను చెరి సగం వేశారు. ఆ లెక్కన నేను ఎప్పుడూ పూర్తి మనిషిని కాలేదు.

తరవాత ఆ సర్వే పుస్తకంగా అచ్చయింది. 47 పైకి వచ్చిందని, 47-ఏ కిందికి జారిందని ఒక పట్టిక. పేర్లు లేవు, నంబర్లే. పెద్దవాడు ఆ పేజీ తెరిచి కౌంటరు మీద పెట్టుకుని, "47 అంటే మేమే" అని మిషను కొనడానికి వచ్చినవాళ్లకు చూపించేవాడు. చిన్నవాడు ఆ పేజీ ఒక్కసారి చూశాడు. అప్పటి నుంచి ఏ ఉద్యోగానికి వెళ్లినా తలుపు బయటే నిలబడ్డాడు. ఆ తరవాతే ఇంట్లో గోడ లేచింది. వంటగది కూడా రెండయింది.

నా భార్య మేస్త్రీని కూచోబెట్టి, రెండు వంటగదుల మధ్య గోడలో గిన్నె పట్టేంత కిటికీ పెట్టించింది. తను ఉన్నంతకాలం అటు వండింది ఇటూ, ఇటు వండింది అటూ పోయేది. పట్టికలో జారిపోయిన వాళ్లూ పైకొచ్చిన వాళ్లూ ఒకే కూర తిన్నారు. సర్వే అమ్మాయి ఒకసారి చూసి, "పిన్నీ, ఈ గిన్నె రాయడానికి నా కాగితంలో గడి లేదు" అంది. "గడి లేకపోతే తినేసి వెళ్లు" అంది నా భార్య. తినేసే వెళ్లింది. ఇంకోసారి నిచ్చెన బొమ్మ చూపించి, మీరు ఏ మెట్టు మీద ఉన్నారని అందరినీ అడిగింది. పెద్దవాడు ఎనిమిది అన్నాడు, చిన్నవాడు రెండు అన్నాడు. నా భార్య బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "కింద పట్టుకున్నదెవరు?" అంది.

ఆమె పోయాక ఆ కిటికీకి అడ్డంగా పెద్దవాడు బీరువా పెట్టాడు.

కనుక ఇంటిని ఈ విధంగా పంచుతున్నాను. ఎడమ పక్క గదులు పెద్దవాడికి, కుడి పక్క గదులు చిన్నవాడికి. ఇంతవరకు వాళ్లు అనుకున్నదే. అయితే ఎడమ పక్క వంటగది చిన్నవాడికి చెందుతుంది. కుడి పక్క వంటగది పెద్దవాడికి చెందుతుంది. ఎవరి వంటగదిలో వాళ్లే వండుకోవాలి. ఒకరి వంటగది ఇంకొకరు కొనడానికి గాని, మార్చుకోవడానికి గాని, అద్దెకు తీసుకోవడానికి గాని వీల్లేదు. దారి కోసం గోడ పడగొట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. మేస్త్రీ కూలికి డబ్బు విడిగా తీసి పెట్టాను.

ఈ షరతు చదివి వకీలు, "తాతగారూ, ఇది కోర్టులో నిలబడదండీ" అన్నాడు. కోర్టులో ఎవరూ వంట చేయరని చెప్పాను.

5. నా భార్య గరిటె పెద్దకోడలికి. చివరి రోజుల్లో అత్తగారి చెయ్యి వణికితే, కిటికీ అవతలికి వెళ్లే గిన్నె ఆమే నింపేది. అంచుదాకా నింపేది. మొగుడు వీధిలోకి వెళ్లేదాకా ఆగి నింపేది. నేను చూడలేదని ఆమె అనుకుంటోంది.

6. ఈమధ్య సర్వే అంటూ టాబ్లెట్ పట్టుకుని వచ్చిన కుర్ర పరిశోధకుడికి ఏమీ లేదు. మీ జీవితం మీద మీకెంత తృప్తి, ఒకటి నుంచి పది దాకా చెప్పమన్నాడు. ఆ ఉదయమే నాకు దవడ పన్ను పీకారు. నోట్లో దూదితో రెండు వేళ్లు చూపించాను. ముసలివాళ్ల తృప్తి పడిపోయిందని వ్యాసం రాశాడట. ఆ రెండు నా పన్నుది. దిద్దుకోవాలని ఉంటే దిద్దుకోమనండి.

7. కొట్లో కురచ కాలు స్టూలు సర్వే అమ్మాయికి. ప్రొఫెసరయ్యాక కుర్చీ వేస్తే వద్దని, అట్టముక్క మడిచి కాలి కింద పెట్టుకుని దాని మీదే కూచునేది. అట్టముక్క కూడా ఇవ్వండి.

8. చివరి మాట కూడా ఆవిడకే. వచ్చే విడత సర్వేకి వచ్చినప్పుడు నా కొడుకులిద్దర్నీ ఒకే గదిలో కూచోబెట్టి ఆ మొదటి ప్రశ్నే అడుగమ్మా. ఎన్ని పొయ్యిలని. రెండంటే రెండని రాయి. నా మొహం చూసి అబద్ధం రాయవద్దు. ఒకటంటే మాత్రం ఆ "ఏ" కొట్టెయ్యి. పెన్సిలుతో కాదు.

ఇది నేను రాసి, చదువుకుని, బీరువా వెనక కిటికీ ఇంకా ఉందో లేదో వెళ్లి చూసుకుని వచ్చి సంతకం చేశాను. ఉంది.

తేదీ: జూన్ 11, బుధవారం

సంతకం:
47కూ, 47-ఏకూ తండ్రి

సాక్షులు:
1. ఎదురింటి వాటాలో ఇస్త్రీ చేసే అతను. పూర్తిగా చదివి సంతకం పెట్టాడు.
2. టీ కొట్టు పెద్దాయన. చదవకుండా పెట్టాడు, బీరువా జరపడానికి మనిషి కావాలంటే పిలవమన్నాడు.