గట్టిగా చదివిన బరువు

మంగళవారం, టేకులపల్లి

ఈరోజు మా అంగన్‌వాడీలో పిల్లల బరువులు చూశాం. ఎప్పటిలాగే కాటా మీది అంకె నేను గట్టిగా చదివాను, ఆయా రిజిస్టర్‌లో రాసింది. స్వరూప కూతురు రెండు నెలలది, పోయినసారికన్నా తగ్గింది. ఆ అంకెనూ అలాగే చదివాను. అంతటితో ఊరుకున్నానా? "పాలు సరిగ్గ ఇస్తలేవా ఏంది?" అన్నాను, అంతమంది తల్లుల ముందు, వాళ్లత్త ముందు. పాపను కొంగులో చుట్టుకుని స్వరూప వెళ్లిపోయింది.

మనసు ఆగక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. స్వరూప జాకెట్ పక్కకు జరిపి చూపించింది. చనుమొన పగిలి నెత్తురు వస్తోంది.

"నొప్పికి ఓర్సుకోలేక, ఏం జెయ్యాల్నో అడుగుదామనే వచ్చిన టీచరమ్మా. నువ్వు బరువు సదివినవ్. ఇగ ఏమడుగుత?"

ఇన్నేళ్లుగా గోడ మీది బొమ్మలు చూపించి తల్లిపాల గురించి పాఠం చెబుతున్నాను. ఒక్క తల్లి పక్కన కూర్చున్నది లేదు. ఇవాళ కూర్చున్నాను. పాపను ఒంటికి దగ్గరగా తిప్పి, నోరు బాగా తెరిచాక పట్టించాను. కాసేపు తాగింది. రేపు నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్తానన్నాను.

నేను లేస్తుంటే స్వరూప అడిగింది. "నీకు గూడ గిట్లనే అయిందా టీచరమ్మా?"

"లేదమ్మా" అన్నాను.

'అవ్' అని ఉంటే ఆ పిల్లకు ఎంత ధైర్యంగా ఉండేదో. నాకూ ఇలాగే పగిలి, నా కొడుకు మూడో వారం నుంచే డబ్బా పాలు తాగాడు. ఆ డబ్బాను మా అమ్మ బియ్యం డ్రమ్ములో దాచేది, ఎవరి కంటా పడకుండా.