నీ కొడుకు పేరు పలికాను

అత్తా,

ఫోన్లో అయితే మధ్యలోనే తిడతావని ఉత్తరం రాస్తున్నాను. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగం నాకు వచ్చేసింది!

రాయగడలో నేర్పిన జపాన్ భాషలో, ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఆ పేరు పక్కన ‘వా’ చేర్చాలి. ఎవరు చేస్తారని అడిగితే మాత్రం చేసేవాళ్ల పక్కన ‘గా’ రావాలి. ఇంటర్వ్యూలో జపాన్ ఆవిడ, "మీరు వచ్చేస్తే పాపను ఎవరు చూసుకుంటారు?" అని అడిగింది. మన ఇంటి అలవాటు కొద్దీ "పాప వాళ్ల నాన్న" అని, ‘గా’ కూడా చేర్చి చెప్పాను. ‘మా ఆయన’ అననందుకు ఆవిడ జాలిగా, "అంటే ఆయన ఇప్పుడు మీ భర్త కాదా?" అంది. నాకు ఒళ్లు మండింది.

"పెనిమిటి పేరు పలికితే ఆయుస్సు తగ్గిపోద్దే అమ్మీ" అన్న నీ మాట గుర్తొచ్చినా ఆగలేదు. "తవిటినాయుడు గా!" అని గది అదిరేలా చెప్పాను. ఆవిడ చప్పట్లు కొట్టింది.

బయటికొచ్చి భయంభయంగా ఆయనకి ఫోన్ చేశాను. "ఏటయ్యింది? పాపకి అన్నం తినిపిస్తన్నాను" అన్నాడు. నిక్షేపంగా ఉన్నాడు!

ఆదివారం మన గుణుపురంలో బస్సు దిగి, వీధి మొదటి నుంచే నీ కొడుకుని పేరు పెట్టి పిలుస్తాను. చెవులు మూసుకోకు. నువ్వూ మావయ్యని ఒక్కసారి పేరుతో పిలిచి చూడు. ఇన్నేళ్లూ ఆయన దానికోసమే ఎదురుచూస్తున్నాడేమో.

నీ కోడలు