మూడుకి మూడు

ఆసుపత్రి వరండా,
మంగళవారం, మధ్యాహ్నం.

చిరంజీవి చెల్లెమ్మకు అన్నయ్య దీవెనలు.

ఇందుమూలంగా సమస్త బంధుజనానికీ ప్రకటించడమేమనగా, మా వంటింటి కుళాయి కారడం మానినది. నా ఎడమకాలి చెప్పు దొరికినది. పక్కింటి పిల్లి మా మంచం కింద ఈనినది. తల్లీ పిల్లలూ క్షేమం. ఇక చిన్నాచితకా సంగతులకొస్తే, నా కడుపులో క్యాన్సర్ ఉందని నీకు తెలుసు కదా.

అందులోంచి చిటికెడు ముక్క తీశారు. మార్కర్ ఉందో లేదో చూడాలన్నారు. బోర్డులు రాసుకు బతికేవాణ్ణి, ఎప్పుడో ఒకటి మింగేసుంటానన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. అదొక ప్రొటీనట. ముక్కను పల్చగా కోసి రంగు పట్టిస్తే, అది ఉన్నచోట గోధుమరంగు తేలుతుందట. ఎంత గట్టిగా తేలితే అన్ని మార్కులు, సున్నా నుంచి మూడు దాకా. మూడొస్తే దాన్నే వెతికి కొట్టే మందొకటి కీమోతో పాటు ఇస్తామంది.

పాజిటివ్ వస్తే మంచిదని ఆవిడ అందో లేదో, మీ వదిన గొల్లుమంది. పాజిటివ్ అంటే రోగం ఉన్నట్టేగా, ఇంకేం మంచి అని ఆవిడ మీదికే వెళ్ళింది. ఇది వేరే పాజిటివమ్మా అని ఆవిడ, పాజిటివ్‌లో మళ్ళీ రకాలేంటని ఈవిడ. రోగం నాదని ఇద్దరికీ నేను గుర్తుచేయాల్సొచ్చింది.

అప్పట్నుంచీ కాలు ఒకచోట నిలవదు. ల్యాబ్ కిటికీ దాకా వెళ్తాను, వస్తాను. అక్కడి గుమాస్తా నేను నోరు తెరవకముందే తల అడ్డంగా ఊపేస్తాడు. నిన్న మంచినీళ్ళ కోసం అటు వెళ్ళినా ఊపాడు. మీ వదినేమో అన్నం ముట్టకుండా, నా చొక్కా గుండీలు బాగున్నవి తెంపి మళ్ళీ కుడుతోంది.

ఇవాళ నేనొక్కణ్ణే వెళ్ళాను. రిపోర్టు వచ్చింది. మూడుకి మూడు! లెక్కల్లో తప్పాను, సైన్సులో తప్పాను, ఆఖరికి నా కడుపు పాసైంది. ఈ మాట చెవిన పడగానే మీ వదిన క్యాంటీన్‌కి వెళ్ళి రెండు ప్లేట్లు లాగించింది. నాకు వాసన కూడా మిగల్చలేదు. ఇప్పుడీ ఉత్తరం చదివి, నా తప్పులు దిద్ది, కవరు అంటించడానికి జిగురు కోసం లేచింది.

బావగారిని అడిగానని చెప్పు.

నీ తింగరి అన్నయ్య

తా.క. ఆవిడ వచ్చేలోగా గబగబా రాస్తున్నా. రిపోర్టు శుక్రవారం ఇస్తారట. నువ్వు ముందురోజుకల్లా ఇక్కడుండు. సున్నా వస్తే ఆవిడ దగ్గర వేయడానికి నాకు ఒక్క జోకూ తట్టడం లేదు. ఆవిడ తిన్నది నిజమే. మార్కులు మాత్రం నేనే వేసుకున్నాను.