ఆరు వారాల్లో కుదుటపడిన మనిషి

మార్చి 14, శనివారం

అక్కకి,

నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నానని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నువ్వు కులాసాగా ఉండాలని మాత్రం నిజంగానే కోరుకుంటున్నాను. నువ్వు మన కౌన్సెలింగ్ కేంద్రం వదిలి వెళ్ళి ఎనిమిది నెలలైంది. నీకు రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా, నీ మీద కోపంతోనే లేచిపోయాను. ఇవాళ ఆ కోపం కూడా మిగల్లేదు.

ముందు కబుర్లు. నువ్వు వేలు నలగ్గొట్టుకున్న బీరువా తలుపు ఇంకా అలాగే ఉంది. రిసెప్షన్‌లో పిల్లిలా మాట్లాడే ఆవిడకి ప్రమోషన్ వచ్చింది, ఇప్పుడు పులి.

ఇక అసలు సంగతి. లాండ్రీలో ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆమె గుర్తుందా? కన్నీళ్ళు తుడుచుకున్న కాగితాన్ని కూడా నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో అదిమి బల్ల మీద ఉంచేది. మనం ఇస్త్రీ చెల్లెలు అనుకునేవాళ్ళం. నిద్ర పట్టడం లేదని, చేతులు వణికి గుడ్డలు కాల్చేస్తోందని ఆ లాండ్రీ నడిపే పెద్దావిడ ఆమెను వెంటబెట్టుకొచ్చేది. కన్నకూతురితో సమానమని చెప్పేది. ప్రతి వారం బయట బెంచీ మీద స్వెట్టరు అల్లుకుంటూ కూర్చుని, వెళ్ళేటప్పుడు మన పిల్లల చదువులు పేరుపేరునా అడిగేది. అందరం ఆవిడని పెద్దమ్మా అనేవాళ్ళం, నువ్వు తప్ప.

ఆ పిల్ల ఏ మాట చెప్పాలన్నా ముందు తలుపు వైపు చూస్తోంది, ఎక్కడ పడుకుంటోందో, సెలవెప్పుడో, దాని గుర్తింపు కాగితాలు ఎవరి దగ్గరున్నాయో అడగవే అని నువ్వు నాకు చెప్పావు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను అన్నాను. నా క్లయింట్ జోలికి రావద్దని అందరి ముందూ అరిచాను. మన పని మనసు చూడటమే కానీ ఇళ్ళు సోదా చేయడం కాదన్నాను. ఆ మాట అప్పుడు నాకే ఎంతో గొప్పగా అనిపించింది. నెలాఖరుకి నువ్వు మానేశావు.

నేను ఆమెకు ఊపిరి తీసుకోవడం నేర్పాను. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. ఆరు వారాల్లో నిద్ర పట్టింది, వణుకు తగ్గింది. ఇరవై ఒకటి ఉన్న ఆందోళన స్కోరు ఐదుకి దిగింది. ఫైలు మూసేశాం. నెలవారీ మీటింగులో ఆ కేసు అందరికీ చదివి వినిపించారు. పెద్దమ్మ మిఠాయి పెట్టె పట్టుకొచ్చి, ఇప్పుడు రెండు షిఫ్టులు చేస్తున్నా కిక్కురుమనడం లేదమ్మా, అంతా నీ చేతి చలవేనని నా చేతులు పట్టుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. మరమ్మతుకిచ్చిన మిషను బాగుపడి వచ్చినందుకు ఆవిడ సంతోషపడుతోందని, ఆ మరమ్మతు చేసింది నేనేనని తట్టలేదు.

పోయిన నెల లేబర్ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. లాండ్రీ ఖాళీ అట. యంత్రాలతో పాటు మనుషుల్నీ పెద్దమ్మ వాళ్ళు ఎక్కడికో ఎక్కించుకుపోయారు. వెనక గదిలో పదకొండు చాపలు, తలుపుకి బయటివైపు గడియ. ఒక చాప కింద మన కేంద్రం కార్డు, దాని మీద నా చేతిరాతతో నాలుగు, ఆరు అని అంకెలు. ఆమె జాడ లేదు. ఏ ఊళ్ళో ఏ పేరుతో ఇస్త్రీ చేస్తోందో తెలీదు, వెతకడానికి ఒక ఫోటో అయినా లేదన్నారు. దొరకదని చెప్పలేదు కానీ, వెళ్తూ ఫోను నంబరు కూడా ఇవ్వలేదు.

ఆమె ఎప్పుడైనా ఏమైనా చెప్పిందా అని నన్ను అడిగారు. ఒక్క ముక్క చెప్పలేదన్నాను. ఫైలు గోప్యం కాబట్టి చూపించలేదు. నోరు విప్పని మనిషి కష్టం మనకెలా తెలుస్తుంది అక్కా, నువ్వే చెప్పు.

ఇప్పుడు మా అందరికీ సగం రోజు శిక్షణ ఇచ్చారు. టీ, బిస్కెట్లు, గోడకి ఒక పోస్టరు. వచ్చినవాళ్ళని ఎక్కడ పడుకుంటున్నావు, సెలవెప్పుడు, కాగితాలు ఎవరి దగ్గరున్నాయి అని అడగాలట. నువ్వు చెప్పినవే, వరస కూడా మారలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టుంది మా వ్యవహారం. నేను ముందు వరసలో కూర్చుని బుద్ధిగా రాసుకున్నాను.

క్షమించమని అడగను. చదివితే చాలు.

ఇట్లు,
కిటికీ పక్క కుర్చీ కోసం నీతో రోజూ పోట్లాడిన
చెల్లెలు

తా.క. కవరు అంటించాక మళ్ళీ చింపాను. తేలు కుట్టిన దొంగలా ఎన్నాళ్ళుంటాను? పైన ఒక అబద్ధం రాశాను, లేబర్ ఆఫీసువాళ్ళకీ అదే చెప్పాను. ఆమె చెప్పింది అక్కా. మూడో వారం, నేను అడగకుండానే చెప్పింది. పని అయ్యాక మమ్మల్ని గదిలో పెట్టి బయట గడియ వేస్తారు మేడమ్, పొద్దున్న పనికే తీస్తారు అంది. నేను తలాడించి, అప్పుడు నీ మనసుకి ఎలా ఉంటుందని అడిగాను. ఫైల్లో, మూసిన గదులంటే భయం అని రాశాను. ఆమె ఇంకా ఏదో చెప్పబోతుంటే, కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టమన్నాను. మూసుకుంది.