రాయడం మరిచిన ఒక్క ముక్క

అక్కా, నేను బాగానే ఉన్నాను, నిద్రే పట్టడం లేదు.

ఆవిరి పైపు వేడెక్కితే సాగుతుంది కదా, అందుకని కింద స్ప్రింగులు పెడతాం. బిగించేటప్పుడు అవి కదలకుండా పిన్నులుంటాయి. ఆవిరి వదిలేముందు తీసెయ్యాలి, లేదంటే పైపు కదిలే వీల్లేక ఆవిరితో నడిచే పంపుకి అతికిన చోట పగులుతుంది. లెక్కలు మూడుసార్లు సరిచూసినదాన్ని, ఆ పిన్నులు తీయమన్న ముక్క రాయకుండానే డ్రాయింగు మీద సంతకం పెట్టేశాను. నిన్న గుర్తొచ్చింది. సైటు మేస్త్రీకి ఫోన్ చేస్తే, "కాగితంలో లేని పని నేను ముట్టుకోనమ్మా, రాసి పంపండి" అన్నాడు. వెంటనే పంపాను. అందిందన్న కబురు లేదు, ఫోనూ ఎత్తడం లేదు. ఈ కార్డు నీకు చేరేసరికి ఆవిరి వదిలేసి ఉంటారు.

నా నీలం స్వెట్టరు పంపు. బాత్రూం కుళాయి బాగుచేయించారా? బావగారికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

చోటు అయిపోతోంది. అమ్మ మంచం దగ్గర నేను అంటించి వచ్చిన మందుల కాగితం ఒకసారి చూడు. "భోజనం చేశాకే" అని రాశానా? రాయకపోతే ఇప్పుడే రాసెయ్యి. అమ్మ కూడా మా మేస్త్రీలాంటిదే.

నీ చెల్లి