ఒకే బస్సు ఎక్కకూడని రెండు ఊళ్లు

ప్రొద్దుటూరు,
20 జూన్ 2013, గురువారం.

హుమాయున్ భాయ్‌కి,

చెల్లెలు షాహీదా సలాములు. ఖాలాకు మోకాలి నొప్పి తగ్గింది, ఇక్కడ అందరం బాగున్నాం. షార్జా ఎండల్లో నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. మర్యాదలు అయిపోయాయి కాబట్టి ఇక తిట్లు మొదలుపెడతాను.

మెయిల్ రాయొచ్చు కదా అంటావు. కరెంటు ఉన్న కాసేపు నెట్టు ఉండదు. ఎలాగో మీ సాఫ్ట్‌వేర్ ఫోరంలో రాస్తే, ఎవరో పెద్దమనిషి 'తప్పు మీ షరతుల్లోనే ఉంది' అని ఒక్క ముక్క అనేసి ఊరుకున్నాడు. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానంటావు. ఈ ఉత్తరం నీకు అందేసరికి కాలేజీ తెరిచేసి ఉంటారు, ఉపయోగం లేదని తెలుసు. అయినా రాయకపోతే నా కడుపుమంట చల్లారేలా లేదు.

కాలేజీ బస్సుల పని నా నెత్తిన పడ్డప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ చూపించింది నువ్వే. డబ్బు కట్టక్కర్లేదు, నలుగురూ కలిసి రాసుకున్నది, మనం షరతులు రాసిస్తే చాలు, అన్నిటికీ సరిపడే దారి అదే వెతుకుతుందన్నావు. సరే, రాశాను. సీట్లకు మించి ఎక్కించకూడదు. మొదటి బెల్లుకు అందరూ చేరాలి. పెద్దకొట్టాల పిల్లలూ వంకమర్రి పిల్లలూ ఒకే బస్సులో ఉండకూడదు.

ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యమైన షరతు. మనం హైస్కూల్లో ఉన్నప్పుడు పెద్దకొట్టాల లక్ష్మయ్యను జమ్మలమడుగు సంతలో వంకమర్రి వాళ్లు బాంబులేసి చంపారు, గుర్తుందా? ఆ తర్వాత పెద్దకొట్టాల వాళ్లు వంకమర్రి మనిషిని నరికారు. ఇప్పుడు ఆ రెండు ఊళ్ల నాయకులదీ ఒకే పార్టీ. పులివెందుల రోడ్డులో ఇద్దరి బొమ్మలూ ఒకే ఫ్లెక్సీ మీద నవ్వుతున్నాయి. కింద ఊళ్లలో మాత్రం ఇప్పటికీ ఎవరి టీ హోటలు వాళ్లదే, ఎవరి ఆటో వాళ్లదే. కలిసి నవ్వే అదృష్టం నాయకులకే రాసిపెట్టి ఉంది కాబోలు.

రెండేళ్లు అంతా బాగానే జరిగింది. బస్సుకు ఇంతమంది, ఇన్ని గంటలకు బయలుదేరాలి అని అది చెప్పేది, ఏ ఊరు ఏ బస్సో చూడకుండానే నేను డ్రైవర్లకు అచ్చు తీసి ఇచ్చేదాన్ని. పోయిన వారం మీ కొత్త వెర్షన్ విడుదలైంది. చేసినవాళ్లలో నీ పేరు చూసి ఇల్లంతా పిలిచి చూపించాను. పాతది తీసేయ్, కొత్తది శానా వేగమని నువ్వే రాశావు. వేగం సంగతి నిజమే. అవే బస్సులు, అవే ఊళ్లు, అవే షరతులు ఇస్తే, కళ్లు మూసి తెరిచేలోగా 'పరిష్కారం లేదు' అని మొహాన కొట్టింది. సీట్లు సవరించి చూశాను, బెల్లు పది నిమిషాలు జరిపి చూశాను, అదే మాట. ఉన్నదాన్ని పాడుచేసి కొత్తదని పేరు పెట్టడానికా మీరంతా రాత్రింబగళ్లు కష్టపడింది?

నా వెనకాలే నిలబడి చూసిన ప్రిన్సిపాల్, "కంప్యూటరే కాదంటాంది గదమ్మా, పెద్దకొట్టాల స్టాపు ఎత్తెయ్. ఆడ ఎక్కేది నలుగురైదుగురే" అన్నారు. పంచాయతీ ఎన్నికల ముందు ఆయనకు తలనొప్పి అక్కర్లేదట.

ఆ నలుగురైదుగురిలో గురవమ్మ ఉంది భాయ్. చనిపోయిన లక్ష్మయ్య ఆమె పెదనాన్నే. గొర్రెలు కాసే ఆ ఇళ్ల నుంచి ఇంజినీరింగు దాకా వచ్చిన మొదటి పిల్ల, ఇంకా సగం చదువు మిగిలే ఉంది. వాళ్ల నాన్న చిన్నసుబ్బయ్య ఈరోజు కాలేజీకి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "ఆ వంకమర్రి మీంద ఆటోలో పంపేదానికి నాకు గుండె చాల్దు మేడం. బస్సు లేకుంటే సదువు మానిపిస్తా. ఇన్నాళ్లూ మీ కంప్యూటరు వాళ్లను యేరేగా పెడతాందనే ధీమాతోనే పంపిస్తాండా" అన్నాడు. ఒక ఆడపిల్ల చదువు ఆగిపోతోంది, కారణం అడిగితే మా అన్న చేసిన కొత్త విడుదల అని చెప్పనా?

ఖాలా నీకు ఊరగాయ పంపమంటోంది. నాకు ఇప్పుడు పంపాలని లేదు.

కోపంతో,
నీ చెల్లెలు
షాహీదా

తా.క.: ఈ ముక్క 26న, బుధవారం రాస్తున్నాను. బందు వల్ల ఉత్తరం నా సంచిలోనే ఉండిపోయింది, ఒక రకంగా మంచిదైంది.

శుక్రవారం, స్టాపు ఎత్తేశారని చెప్పడానికి మూడో నంబరు బస్సు డ్రైవరు మౌలాలి దగ్గరికి వెళ్లాను. ఆ రెండు ఊళ్లను వేరుగా పెట్టడం కుదరడం లేదన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, "యేరేగా యాడ పెట్టినారు మేడం? మొదటినుంచీ ఇద్దరూ నా బస్సులోనే గదా వస్తాండేది" అన్నాడు. వంకమర్రి పిల్లలు ఊరికి దూరంగా క్రాసులో ఎక్కుతారట. మొదట్లో వాళ్లు వెనక, వీళ్లు ముందర. ఇప్పుడు గురవమ్మ తన పక్క సీటు వంకమర్రి పిల్లకే పట్టి పెడుతుందట. "క్రాసు వస్తానే కిటికీ పరదాలు లాగేస్తారు. దిగినాక ఒకరినొకరు ఎరగనట్టే పోతారు. నేను ఎవురికీ చెప్పలా, మీరూ చెప్పాకండి" అన్నాడు.

అంటే మీ కొత్తది సరిగ్గానే ఉంది. పాతదే ఏదో లోపంతో ఆ షరతును పట్టించుకోకుండా వదిలేసింది. ఇంకో బస్సును ఆ దారికి తిప్పితే మొదటి బెల్లుకు అందదు, అందుకని రెండు ఊళ్లనూ ఒకే బస్సులో కూర్చోబెట్టేసింది. మీరు ఆ లోపం దిద్దారు, అది నిజం చెప్పింది. తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. కోపం మాత్రం పోలేదు, ఇప్పుడది ఎవరి మీదో నాకే తెలియడం లేదు.

ఆ షరతు నా చేత్తోనే తుడిచేశాను. వెంటనే దారి దొరికింది, అదే మూడో నంబరు బస్సు. మా అన్న సరిచేసి పంపాడని ప్రిన్సిపాల్‌తో చెప్పాను. సోమవారం చిన్నసుబ్బయ్య కూతుర్ని బస్సెక్కించి, నాకు ఫోన్ చేసి, "యేరేగానే పెట్టినారు గదా మేడం?" అని అడిగాడు. పెట్టానన్నాను.

అప్పటినుంచి రోజూ సాయంత్రం, పిల్లలందరూ దిగారని మౌలాలి ఫోన్ చేసేదాకా నాకు ముద్ద దిగడం లేదు.