నూతిలోకి దూకిన వీపు

1968, శనివారం రాత్రి. రాజాం.

మద్రాసులో అక్క హీరోయిన్‌కి డూపుగా చేసిన సినిమా ఇన్నేళ్లకి మా టూరింగ్ టాకీస్‌కి వచ్చింది. హీరోయిన్ నూతిలోకి దూకే సీనులో కనపడేది అక్క వీపు. అలా దూకినప్పుడే తుంటి విరిగి, సినిమాలు మానేసి ఇంటికొచ్చేసింది. సినిమాల్లో చేసిన సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ సీను రాగానే ఈలలు, చప్పట్లు. ఆగలేక బెంచీ ఎక్కి అరిచాను.

"ఒరే, ఆ దూకినాది మా అప్పరా!"

డేరా అంతా గొల్లుమని నవ్వింది.

"మళ్లీ మొదలెట్టినావేటి సిమ్మాచలం మావా! మొన్న హీరో నీకాడ సుట్ట అడిగి కాల్సినాడన్నావు కదేటి?" అన్నాడు కిళ్లీకొట్టు రాముడు.

"ఇది నిజంరా!"

"అదీ నిజమనే సెప్పినావు మావా!"

ఇంకా నవ్వారు. ఆడవాళ్ల వైపు ఎవరో అక్కని "నిజమేటే?" అని అడిగారు. అక్క కూడా నవ్వేసి, "ఆడి మాటలకేటిలే" అంది.

తిరిగి వస్తుంటే అక్క కాలీడ్చుకుంటూ నా పక్కనే నడిచింది. ఇంటి దగ్గరికొచ్చాక అడిగింది.

"బాగా దూకినానేట్రా?"

"సానా బాగా దూకినావప్పా."

ఆగి, వీధి దీపం వెలుగులో నా ముఖంలోకి చూసింది, ఆటపట్టిస్తున్నానేమోనని.